నాలుగు వందల పద్దెనిమిది

ఏజెంట్ సలాంగ్ బుధవారం పొద్దున ఎనిమిదింటికి మిరి ఊరి చేపల మార్కెట్లో, ఎండు రొయ్యల బుట్టల మధ్య, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. మెడ మీద సూది గుచ్చినంత ఎర్రటి చుక్క. అంతే. ఎదురుగా బేరమాడుతున్న ముసలావిడ "కిలో ఎంతయ్యా? నోరు పడిపోయిందా?" అని మూడుసార్లు అడిగి, నాలుగోసారి భుజం తట్టి, అప్పుడు కెవ్వుమంది.

తొమ్మిదింటికల్లా ఏజెంట్ మావాంగ్ ఊరి నడిబొడ్డున ఉన్న ఒక బిస్కెట్ల కొట్టు వెనక గదిలో నిలబడ్డాడు. ముందు గదిలో సాగో పిండి బిస్కెట్లు నిజంగానే అమ్ముతారు, లాభం కూడా వస్తుంది. వెనక గదిలో ఇంధన భద్రతా విభాగం ఉంటుంది, దానికి ఎప్పుడూ నష్టమే. చీఫ్ పేరు హసనా. ముకా ఊరి మెలనావ్ తెగ మనిషి. అరవకుండానే ఎదుటివాడికి చెమట పట్టించగలదు.

"సలాంగ్ రాత్రి ఫోన్ చేశాడు. టెండర్ నెంబర్ ఎలా బయటికి పోతోందో తెలిసింది, ఫోన్లో చెప్పను అన్నాడు. పొద్దున చెప్పడానికి మనిషి లేడు."

సలాంగ్, మావాంగ్ ఇద్దరూ ఇబాన్ తెగవాళ్ళు. ఒకే నది ఒడ్డున, ఊరంతా ఒకే కప్పు కింద బతికే ఒకే లాంగ్‌హౌస్‌లో పెరిగారు. మావాంగ్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఏడుపు తర్వాత. కూర్చో. బకావ్ ఎనర్జీ ఎలా బతుకుతోందో చెప్పు."

"పెట్రోల్ అమ్మి."

"అందుకే నిన్ను ఇన్నాళ్ళూ కార్ల వెంట పరిగెత్తించడానికే వాడుకున్నాను. ఇలా చూడు." ఆమె ఒక బిస్కెట్ విరిచింది. "సాగో చెట్టు నాటేవాడూ, నరికి పిండి తీసేవాడూ, బిస్కెట్ కాల్చేవాడూ, కొట్లో కూర్చుని అమ్మేవాడూ ఒక్కడే అనుకో. వాడే బకావ్. సముద్రం అడుగునుంచి గ్యాసూ, చమురూ తోడుతుంది. గ్యాసుని చల్లబరిచి నీళ్ళలా చేసి, ఇరవయ్యేళ్ళ కాంట్రాక్టు మీద జపాన్‌కీ కొరియాకీ ఓడల్లో పంపుతుంది. చమురుని తన రిఫైనరీలోనే పెట్రోల్ చేసి తన బంకుల్లోనే పోస్తుంది. ఆ బంకులో నువ్వు తాగే కాఫీ కూడా దానిదే. చమురు ధర పడితే బావి ఏడుస్తుంది, రిఫైనరీ నవ్వుతుంది. ధర లేస్తే అది నవ్వుతుంది, ఇది ఏడుస్తుంది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు సంపాదిస్తూనే ఉంటారు."

"మరి బాధేమిటి మేడం?"

"బావులకి వయసు మీద పడుతోంది. ఏటేటా గ్యాస్ తగ్గుతోంది. సముద్రంలో తవ్వుకోవడానికి కొత్త బ్లాకు చేతికి రాకపోతే పన్నెండేళ్ళలో ఓడలు నింపడానికి సరుకుండదు. ఓడలు లేకపోతే బింతులు ఊళ్ళోని గ్యాస్ ప్లాంట్ మూత. ఆ ఊళ్ళో సగం పొయ్యిలు ఆ జీతాలతోనే వెలుగుతాయి. వాళ్ళకి ఎదగడమంటే గొప్ప కోసం కాదు, బతకడం కోసం."

ఆమె ఒక కాగితం ముందుకు తోసింది. రెండేళ్ళలో రెండు బ్లాకుల వేలాలు. రెండిట్లోనూ బకావ్ ఓడిపోయింది. రెండిట్లోనూ గెలిచింది నార్తర్న్ క్రౌన్ అనే కంపెనీ. రెండిట్లోనూ తేడా సరిగ్గా ఒక్క మిలియన్ రింగిట్.

"నార్తర్న్ క్రౌన్ పేరుకే కంపెనీ. బోర్డు తీసేస్తే విదేశీ గూఢచారుల ముఠా. ఇది మూడో వేలం. బ్లాక్ 77, లోతు సముద్రం. శుక్రవారం పన్నెండింటికి సీల్డ్ టెండర్లు ఇవ్వాలి. మిగతావాళ్ళు మారినా, రెండుసార్లూ టెండర్ గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు క్లారిస్ తియోంగ్, కంపెనీ విస్తరణ విభాగం హెడ్. ఆమె మన మనిషి. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు చేరవేస్తోంది. రెండోవాడు లింగ్. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ధర కట్టే పని ఆయనదే."

"అంటే లింగే."

"ఈసారి కూడా ఒక్క మిలియన్‌తో పోతే, ఫలితం రాగానే బేడీలు వెయ్యి. వారెంట్ మీద సంతకం అయిపోయింది. మధ్యాహ్నం నుంచి నువ్వు టీ కలిపేవాడివి. పేరు గావాన్."

సామాన్లు మూడు ఇచ్చారు. చుట్టుపక్కల ఎక్కడ ట్రాన్స్‌మిటర్ పనిచేసినా వణికే చేతిగడియారం, చొక్కా బొత్తాంలో కెమెరా, అడుగున రహస్యపు అర ఉన్న టీ ఫ్లాస్కు. ఆ అరలో బేడీలూ, లింగ్ పేరున్న వారెంటూ పెట్టుకుని మావాంగ్ బయల్దేరాడు.

*

కెనడా హిల్ అనే గుట్ట మీద కంపెనీ గెస్ట్‌హౌస్ కింద ఉన్న ఆ గదిని అందరూ 'పెట్టె' అంటారు. కిటికీల్లేవు. సిగ్నళ్ళు పోకుండా గోడల్లో రాగి వల. ఫోన్లు బయటే వదిలేయాలి. బుధవారం పన్నెండింటికి ఉక్కు తలుపు మూసుకుంటే మళ్ళీ శుక్రవారం పన్నెండింటికే టైమ్‌లాక్ దానంతటదే తెరుచుకుంటుంది. తిండి ఒక గోడ కంతలోంచి వస్తుంది, ఖాళీ గిన్నెలు అందులోంచే పోతాయి. కంతకి అవతల వేలం అధికారి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కంతలోంచి ఒక్క మాట బయటికి పోయినా, ఒక్క కాగితం ముక్క దొరికినా టెండర్ రద్దు. గోడకి ఎర్ర బటన్ ఒకటుంది. నిప్పంటుకుంటే నొక్కాలి. నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. గడువుకి ముందు తలుపు తెరుచుకున్నా టెండర్ రద్దే.

లోపల నలుగురు. లింగ్‌కి అరవై ఒకటి. సిబు ఊరి ఫూచో చైనీయుడు, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని దాని కోసమే గదంతా వెతికే రకం. భూగర్భ శాస్త్రవేత్త అవాంగ్ దమిత్, నోరు మూత పడని మనిషి. క్లారిస్ తియోంగ్ పచ్చ పట్టు గౌనులో వచ్చింది, జడముడిలో ముత్యపు పిన్ను. ఆమె కూడా సిబు మనిషే. ఆవిడ లోపలికి అడుగుపెడితే దమిత్ అంతటివాడు అర నిమిషం మాట్లాడలేదు.

మావాంగ్ ఆమెకి టీ ఇచ్చాడు. "చక్కెర ఎన్ని చెంచాలు మేడం?"

"ఆదివారమైతే రెండు. మిగతా రోజుల్లో ఒట్టిదే."

కోడ్ సరిపోయింది. ఆమె కప్పు అందుకుంటూ పెదాలు కదలకుండా అంది, "ముసలాయన మీద కన్నేసి ఉంచు."

ఇక చూడండి మావాంగ్ అవస్థ. రెండు రోజులు లింగ్‌ని నీడలా వెంబడించాడు. లింగ్ దగ్గితే లెక్కపెట్టాడు. లింగ్ బాత్రూంకి వెళితే బయట నిలబడి చెవి రిక్కించాడు. లింగ్ పెన్సిల్‌తో బల్ల మీద తాళం వేస్తే అదేదో మోర్స్ కోడ్ అనుకుని రాసుకున్నాడు, తీరా అది పాత చైనీయుల నాటకంలో పాట. చేతిగడియారం ఒక్కసారీ వణకలేదు. గాలి లేదు, వెలుగు లేదు. గోడలు గంట గంటకీ దగ్గరికొస్తున్నట్టుంది. ఏ గదిలో నేరం జరుగుతోందో ఆ గదిలోనే తాళం వేసుకుని కూర్చున్నా, అది ఎలా జరుగుతోందో తెలియదు. పైగా అతను పట్టుకోవాల్సిన మనిషి మీద అతనికి రోజు రోజుకీ ఇష్టం పెరుగుతోంది.

"ఏమోయ్ గావాన్," అన్నాడు లింగ్ గురువారం సాయంత్రం. "నీకు తెలుసా, ఆ రెండు బ్లాకులు పోయినప్పటి నుంచి క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర ఎవడూ కూర్చోవడం లేదు. మొహాన ఎవడూ ఏమీ అనడు. అంటే బాగుండును."

"మీరేం చేశారు అంకుల్?"

"లెక్క కట్టాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు అదే చేశాను. ఇది కూడా పోతే నేను దొంగగానే ఇంటికెళతాను. మా ఆవిడ నమ్మదులే. కానీ ఆమె ఒక్కతే నమ్మకుండా ఉంటే ఏం లాభం?"

మావాంగ్ కప్పులు కడుక్కుంటూ తల తిప్పుకున్నాడు. ఫ్లాస్కు అడుగున వారెంటు మణుగు బరువు తూగుతోంది.

*

శుక్రవారం పదిన్నరకి ధర తేలింది. దమిత్ నాలుగొందల యాభై పెడదామన్నాడు. క్లారిస్ నాలుగొందలు చాలంది. లింగ్ ఇద్దరినీ పావుగంట కొట్టుకోనిచ్చి, చెవి మీది పెన్సిల్ తీసి బోర్డు మీద రాశాడు. 418 మిలియన్లు.

"అంతకంటే ఒక్క రింగిట్ పెట్టినా బావి మనల్ని పోషించదు, మనమే బావిని పోషించాలి," అన్నాడు. ముగ్గురూ సంతకం చేశారు. కవరు సీలు పడింది.

పదకొండింటికి ఆఖరి ట్రేలు వచ్చాయి. దమిత్ నూడుల్స్ మీద పడ్డాడు. "త్వరగా తెమలండి బాబూ, నాకు జుమ్మా నమాజు ఉంది." క్లారిస్ ట్రేలో రోజూలాగే మూడు చిన్న గిన్నెలు. ఒకదాంట్లో దబాయ్ పళ్ళు, ఒకదాంట్లో చేప ఉండలు, ఒకదాంట్లో సాగో బిస్కెట్లు. గిన్నెకి పది చొప్పున.

"చూశావా గావాన్, ఈవిడ తిండి," దమిత్ నవ్వాడు. "పదేసి లెక్కపెట్టి తెప్పించుకుంటుంది. డైటింగట! పోయినసారీ ఇదే భాగోతం."

పదకొండూ అయిదుకి గిన్నెలు బయటికి పంపాలి. క్లారిస్ తన ట్రే తనే తెచ్చి కంత దగ్గర పెట్టింది. మావాంగ్ కంత తలుపు మీద చెయ్యి వేసి, యథాలాపంగా ట్రే వంక చూశాడు. దబాయ్ నాలుగు మిగిలాయి.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సిబులో పుట్టిన మనిషి దబాయ్ మిగల్చడం మావాంగ్ తన ముప్ఫై తొమ్మిదేళ్ళలో చూడలేదు. సీజన్లో ఆ నల్లటి పళ్ళ కోసం సొంత అన్నదమ్ములు మాటలు మానేస్తారు. వేడినీళ్ళలో నానబెట్టి, ఉప్పద్ది, గింజ కూడా చీకి పారేస్తారు. కడుపు నిండినా సరే, చివరి పండు జేబులోనైనా వేసుకుంటారు గానీ గిన్నెలో వదలరు. ఈవిడ నాలుగు వదిలింది. అతను రెండో గిన్నె చూశాడు. చేప ఉండ ఒకటి. మూడో గిన్నె. బిస్కెట్లు ఎనిమిది.

నాలుగు. ఒకటి. ఎనిమిది.

ఓరి దేవుడా! కాగితం కాదు, వైరు కాదు, రేడియో కాదు. అవతల వేలం అధికారి గిన్నెలు తిప్పి తిప్పి చూస్తాడు, ఎంగిలి లెక్కపెట్టడు. గిన్నెలు కడిగేవాడు లెక్కపెడతాడు. సలాంగ్‌కి తెలిసిపోయింది ఇదే. ఆ ముత్యపు పిన్ను మార్కెట్లో ఏం చేసిందో కూడా మావాంగ్‌కి ఇప్పుడు అర్థమైంది.

అరుద్దామా? ఆమె ఎర్ర బటన్‌కి రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. రహస్యంగా గెలిచే దారి ఉన్నంతసేపే ఆమె దాన్ని ముట్టదు. బయటపడ్డానని తెలిస్తే నొక్కేస్తుంది, టెండర్ రద్దవుతుంది. ట్రే ఆపేద్దామా? ఆపినా అంతే. పంపిద్దామా? పంపితే నాలుగొందల పంతొమ్మిదికి బ్లాకు పోతుంది, లింగ్ చేతులకి తన చేతులతోనే బేడీలు వెయ్యాలి. అడకత్తెరలో పోకచెక్కంటే ఇదే.

"ఏంటి చూస్తున్నావ్? పంపెయ్," అంది క్లారిస్.

"అలా గుడ్లప్పగిస్తాడేంటి వీడు!" దమిత్ నోటినిండా నూడుల్స్‌తోనే నవ్వాడు. "దబాయ్ మీద మనసు పడ్డట్టుంది. తిను తమ్ముడూ, ఎలాగూ పారేసేవే కదా!"

దేవుడు దమిత్ నోట్లో కూర్చుని మాట్లాడాడు. మావాంగ్ మొహం అమాయకంగా పెట్టాడు. "తినమన్నాక ముట్టకపోతే పుని దోషం తగులుతుంది సార్."

"వద్దు! ఎంగిలవి," క్లారిస్ గొంతు కాస్త గట్టిగానే లేచింది.

"ఇదేం మాటమ్మా!" లింగ్ బల్ల దగ్గర్నుంచి గదిమాడు. "తినమని పిలిచాక ఇబాన్ వాణ్ణి ముట్టొద్దంటావా? దార్లో ఏ పామో మొసలో పట్టుకుంటే నీదా పూచీ? మా పక్కింటివాడు కాఫీ వద్దని వెళ్ళి గంటలో లారీ కింద పడ్డాడు. నువ్వు తీసుకో గావాన్."

ఆ ఊళ్ళలో పుట్టిన వాళ్ళెవరూ ఆ మాటకి అడ్డు చెప్పలేరు. చెబితే మనిషే కాదంటారు. క్లారిస్ చేయి సగంలో ఆగిపోయింది. మావాంగ్ ఒకే ఒక్క దబాయ్ తీసి నోట్లో వేసుకుని, ట్రే కంతలోకి నెట్టి తలుపు మూసేశాడు. మూడు, ఒకటి, ఎనిమిది బయటికి వెళ్ళిపోయాయి. మావాంగ్ ఇంకా నములుతూనే ఉన్నాడు.

*

యాభై అయిదు నిమిషాలు. కంత మళ్ళీ తెరుచుకోదు.

మావాంగ్ కప్పులు తుడుస్తూ తుడుస్తూ వెళ్ళి ఎర్ర బటన్‌ని తాకకుండా దానికి అడ్డంగా వీపు పెట్టి నిలబడ్డాడు. కాళ్ళు నొప్పులన్నట్టు కాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు. క్లారిస్ గది అవతల కూర్చుని అతన్నే చూస్తోంది. ఇతను పుని భయంతో తిన్నాడా, తెలిసి తిన్నాడా? ఆ ప్రశ్న ఆమె కళ్ళలో అరగంటసేపు అటూ ఇటూ తిరిగింది. పన్నెండుకి పది నిమిషాలుండగా ఆమె లేచి, నవ్వుతూ, టీ కోసం వచ్చినట్టు దగ్గరికొచ్చింది.

"నువ్వు అక్కణ్ణుంచి కదలడం లేదేం, మావాంగ్?" అది విభాగంలో వాళ్ళకే తెలిసిన పేరు.

"మీరు ఇక్కడికి రాకుండా ఉంటే కదిలేవాణ్ణి మేడం."

పిన్ను జడలోంచి ఎప్పుడు వచ్చిందో కనబడలేదు. మావాంగ్ పక్కకి తిరిగాడు గానీ అప్పటికే అది జబ్బలో దిగింది. మందపాటి యూనిఫాం చొక్కాలో చిక్కుకుని టప్పున విరిగింది. సగం విషమే లోపలికి పోయింది. ఆ సగానికే మోచెయ్యి మొద్దుబారింది, తర్వాత భుజం, తర్వాత నాలుక. మావాంగ్ మోకాళ్ళు బిగబట్టి భుజాన్ని బటన్ పక్క గోడకి అదిమాడు. పడిపోతే బటన్ ఆమెది.

క్లారిస్ వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. "లింగ్! దమిత్! వీడు టీ కలిపేవాడు కాదు! దొంగ! రెండుసార్లూ నెంబర్ అమ్మింది వీళ్ళ ముఠానే. ఫ్లాస్కు అడుగున చూడండి!"

దమిత్ ఫ్లాస్కు తిప్పాడు. బేడీలు ఖంగుమని కింద పడ్డాయి. వెంట వారెంటు. లింగ్ అది తీసి చదివాడు. తన పేరే. ఆయన ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"నా కోసమా?" అన్నాడు, పిల్లాడిలా.

"వాణ్ణి లాగేసి బటన్ నొక్కండి! పోలీసుల్ని పిలవాలి!"

దమిత్ మావాంగ్ కాలర్ పట్టుకున్నాడు. అతని రెండో చెయ్యి బటన్ వైపు వెళుతోంది. గోడ గడియారంలో పన్నెండుకి రెండు నిమిషాలు. మావాంగ్ చెప్పాలనుకున్నది చాలా ఉంది. సలాంగ్ గురించీ, గిన్నెల గురించీ, అన్నీ. నాలుక కదలడం లేదు. ఉన్న బలమంతా కూడగట్టుకుని లింగ్ కళ్ళలోకి చూస్తూ ఒక్క మాట బయటికి నెట్టాడు.

"ద...బాయ్."

"పిచ్చెక్కింది వీడికి," అంది క్లారిస్.

లింగ్ కదల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి. తర్వాత ఆయన ఆమెని చాలా మామూలుగా, పక్కింటి పిల్లని అడిగినట్టు అడిగాడు. "క్లారిస్. మీ ఇల్లు సిబు కొత్త బజార్ వెనక కదూ?"

"ఇప్పుడు అదెందుకు?"

"నాలుగు దబాయ్ ఎందుకు మిగిల్చావమ్మా?"

ఆమె చూపు బటన్ వైపు జారింది. లింగ్ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అంకెలతోనే కాపురం చేసిన మనిషి, ఆమె ట్రే ఇందాక ఆయన కళ్ళముందునుంచే వెళ్ళింది. "నాలుగు," అన్నాడు. "చేప ఉండ ఒకటి. బిస్కెట్లు..." ఆయన వారెంటు కింద పారేశాడు. "దమిత్! బటన్ ముట్టుకోకు! నా మీద ఒట్టు, ముట్టుకోకు!"

క్లారిస్ బటన్ మీదికి దూకింది. దమిత్ ఏమీ అర్థం కాకపోయినా, ముసలాయన ఒట్టు వేశాడు కాబట్టి అడ్డం నిలబడ్డాడు. ఆమె గోళ్ళతో అతని బుగ్గ చీరి అతన్ని నెట్టేసింది. ఆమె వేలు మావాంగ్ భుజం పక్కనుంచి బటన్ అంచు మీదికి చేరింది. మావాంగ్ చేయగలిగింది ఒక్కటే, మొద్దుబారిన ఒంటిని మొత్తంగా ఆమె చేతి మీదికి ఒరిగించి వేలిని పక్కకి నెట్టాడు. అదే క్షణంలో లింగ్ వెనకనుంచి ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ నేల మీద పడ్డారు. ఆయన ఏడుస్తున్నాడు, తిడుతున్నాడు, పట్టు మాత్రం వదల్లేదు.

"క్యాంటీన్‌లో ఒంటరిగా తిన్నానే! రెండేళ్ళు తిన్నానే నీవల్ల!"

టైమ్‌లాక్ టక్కుమంది. ఉక్కు తలుపు దానంతటదే తెరుచుకుంది. పన్నెండు.

*

సీలు కవరు వేలం అధికారి చేతికి చేరింది. గిన్నెలు కడిగేవాణ్ణి ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. క్లారిస్ తియోంగ్‌ని బిస్కెట్ల కొట్టు వెనక గదికి తీసుకెళ్ళారు. ఆమె ఎవరికీ ఒక్క మాటా చెప్పలేదు. హసనాకి చెప్పింది, హసనా అరవలేదు కాబట్టి.

సాయంత్రం ఆస్పత్రికి లింగ్ వచ్చాడు. మావాంగ్ నాలుక అప్పుడే కాస్త స్వాధీనంలోకి వస్తోంది. లింగ్ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వూ నన్నే అనుకున్నావు కదూ?" అన్నాడు.

అబద్ధం ఆడొచ్చు. మావాంగ్ ఆడలేదు. "అనుకున్నాను అంకుల్. బుధవారం నుంచి శుక్రవారం పదకొండింటిదాకా."

లింగ్ తలూపాడు. "ఇవాళ క్యాంటీన్‌లో నా బల్ల చుట్టూ పన్నెండు మంది కూర్చున్నారు. నూడుల్స్ చల్లారిపోయినా ఎవడూ లేవలేదు." కళ్ళు తుడుచుకుని చిన్న కాగితం తీశాడు. "ఫలితాలు వచ్చాయి. మనది నాలుగొందల పద్దెనిమిది. నార్తర్న్ క్రౌన్ మూడొందల పంతొమ్మిది. మిగతావాళ్ళెవరూ మూడొందలు దాటలేదు. బ్లాకు మనదే."

"అంతకంటే ఏం కావాలి అంకుల్!"

"అదీ నిజమే." లింగ్ చెవి మీంచి పెన్సిల్ తీసి, కాగితం మీద ఒక తీసివేత వేసి, దాని వంక దిగులుగా చూశాడు. "తొంభై తొమ్మిది మిలియన్లు ఎక్కువ పెట్టి కొన్నాం. నువ్వు మధ్య గిన్నెలోంచి ఆ చేప ఉండ తినుంటే, వాళ్ళు నాలుగొందల తొమ్మిది వేసేవాళ్ళు, మనకి తొమ్మిదితో పోయేది కదా నాయనా."